నెమ్మదించిన పిడుగులు

ధర్మవరం,
20 ఫిబ్రవరి 2001.

మీరు మమ్మల్ని మోసం చేశారు మామా. నువ్వు, జయరాజన్న, ఇనాయతుల్లా అన్న, ముగ్గురూ కలిసి. పన్నెండేళ్ళు కాచుకుని కూచున్నవాళ్ళ చేతిలో చల్లారిన సంగటి ముద్ద పెట్టి, దానికి 'కొత్త క్యాసెట్టు' అని పేరు పెట్టారు.

క్షేమ సమాచారాలు అడగను. క్యాసెట్టు విన్నాక మీరు క్షేమంగా లేరని తెలిసిపోయింది.

గుర్తు చేయాల్సిన పని లేదు గానీ చేస్తాను. పెనుకొండ పిడుగులు మొదటి క్యాసెట్టు వేసినప్పుడు నాకు పదేళ్ళు. గిటార్లు పెట్టుకుని, డ్రమ్ములు పగలగొడుతూ, మన యాసలో గొంతు చించుకుని అరవొచ్చని ఈ జిల్లాకు నేర్పింది మీరే. రాక్ బ్యాండు అంటే ఏమిటో మా వీధిలో ఎవరికీ తెలియదు. 'పెనుకొండలో రాళ్ళు ఎక్కువ కదా, అందుకే' అనుకున్నారు. నేను ఏడో తరగతితో బడి మాని రామాంజినేయులు సావుకారు షెడ్డులో మగ్గం గుంతలోకి దిగాక, చదవడం మరిచిపోకుండా ఉన్నానంటే మీ క్యాసెట్టు డబ్బాలో మడిచిపెట్టిన పాటల కాయితం పుణ్యమే. ఈ ఉత్తరంలో తప్పులు కనబడితే ఆ కాయితం అచ్చేసినవాణ్ణి అడగండి.

ఆ పాటలు మాకు వినడానికి మాత్రమే కాదు. పద్నాలుగు మగ్గాలు వాటి మీదే ఆడతాయి. 'గుట్ట దిగి రా' మొదలైతే నీ డ్రమ్ముకు మా కాలు పడుతుంది, జయరాజన్న కేకకు పోగు మోసే నాడె అటు నుంచి ఇటు ఎగురుతుంది. పాట ఆగితేనే చెయ్యి ఆగేది.

అందుకే కొత్తది వస్తోందని తెలిసి, అందరం కలిసి కొత్త టేప్ రికార్డర్ తెచ్చాం. టెంకాయ కొట్టాం. ఊదొత్తులు వెలిగించాం. మొదటి పాట వేశాం. కాలు వేశాం. నాడె సగం దారిలో నిలబడిపోయింది. ఒకటి కాదు, పద్నాలుగూ. కండెలు చుట్టే తిమ్మక్క చేతిపని ఆపి, "ఏమబ్బా, ఎవరన్నా సచ్చిపోయినారా?" అని అడిగింది. లేదక్కా, ఇది పిడుగుల కొత్త పాట అన్నాను. "అదే అంటాండా, ఎవురు పోయినారు వాళ్ళల్ల?" అంది.

సావుకారు కూడా వచ్చి విన్నాడు. మమ్మల్ని ఓదార్చాడు. "పోనీలేండప్పా. వయసు మీద పడినాక పిడుగైనా మెల్లగానే పడుతాది" అన్నాడు. పాట గురించి సావుకారుతో మాటపడాల్సి వచ్చింది చూడు, అది నాకు ఎక్కువ మండింది.

ఇక ఒక్కొక్కటే వినండి. జయరాజన్న గొంతు బావిలోంచి వస్తోంది. నాలుగో పాటలో 'వాన రాకడ' అని ఆగి, తప్పిపోయిన చెప్పు వెతుక్కుంటున్నట్టు ఊపిరి తీసుకుని, అప్పుడు 'చెప్పను' అంటాడు. చెప్పకపోతే మానేయొచ్చు కదా. డ్రమ్ములు వాయించింది నువ్వేనా, లేక బటను నొక్కితే దానంతట అదే కొట్టుకునే డబ్బా మిషన్ తెచ్చారా?

మే డే నాడు మా నేత కార్మికుల సంఘం స్టేజీ మీద మీ ప్రోగ్రాం పెట్టించింది నేను. కాబట్టి చెబుతున్నా: ఆ రోజు మొదటి క్యాసెట్టు పాటలే వాయించాలి, అప్పటి స్పీడులో. కొత్తది ఒక్కటి మొదలైనా ముందు వరస లేచిపోతుంది. మార్చి మొదటి వారంలోగా జవాబు రావాలి.

ఇట్లు,
ఇంకా రాజీనామా చేయని అధ్యక్షుడు,
పిడుగుల అభిమానుల సంఘం, ధర్మవరం
(నీ అక్క కొడుకు) తిరుపాల్


హిందూపురం,
26 ఫిబ్రవరి 2001.

మహారాజశ్రీ అధ్యక్షులవారి సముఖానికి, డ్రమ్ముల కూలి తిప్పన్న వంగి వంగి రాసుకునేది.

అల్లుడా, నీ ఉత్తరం శనివారమే అందింది. మిల్లులో రెండో షిఫ్టులో ఉన్నాను, చింపి చూసే తీరిక లేదు. ఎప్పటిలాగే జేబులో పెట్టుకుని ఆదివారం పెనుకొండ పోయాను.

నీ ఉత్తరం అంటే మాకొక ఆనవాయితీ ఉందని నీకు తెలుసు. తొమ్మిదేళ్ళుగా ఇనాయతుల్లా కట్టెల మిల్లు వెనక గదిలో, ప్రాక్టీసుకు ముందు, దాన్ని నేను పైకి చదువుతాను. వాళ్ళిద్దరూ టీ తాగుతూ వింటారు. నీ పొగడ్తలు పడితే గాని ఇనాయతుల్లా గిటారు తీగలు శ్రుతిలోకి రావు. నిన్న కూడా అట్లే, ముందు చూసుకోకుండా మొదలుపెట్టాను.

'మీరు మమ్మల్ని మోసం చేశారు మామా' అన్న చోట ఇనాయతుల్లా తమాషా అనుకుని నవ్వాడు. 'సంగటి ముద్ద' దగ్గర నవ్వు ఆపాడు. నేను కాయితం మడవబోయాను. జయరాజు, "సదువప్పా, ఉత్తగా నిలబడ్తావేమి? పిల్లోడు కష్టపడి రాసినాడు" అన్నాడు. చదివాను. బావి దగ్గర, చెప్పు దగ్గర, ప్రతి చోటా ఆగి ఆయన మొహం చూశాను. టీ గ్లాసు కడిగి బోర్లించాడు. గిటారు సంచిలో పెట్టి, "బస్సుకు టైమయింది" అని పోయాడు. ఆయన ఊరు సోమందేపల్లికి బస్సు ఇంకా గంటన్నరకు గాని లేదు.

ఇక నీ చార్జిషీటుకు నా సమాధానం. డ్రమ్ములు వాయించింది నేనే. ఈ కుడికాలే. నమ్మకం లేకపోతే కోసి పార్సెల్ చేసి పంపుతాను, పరీక్ష చేయించుకో. మిల్లులో పదిహేడేళ్ళుగా ఫిట్టరు పని చేస్తున్నాను. మిషను ఏ జోరులో తిరుగుతోందో చెవితో చెబుతాను. పాత పాటకూ కొత్త పాటకూ జోరులో వెంట్రుకవాసి తేడా లేదు.

94లో మా ప్రోగ్రాంకు పెనుకొండ వచ్చి ముందు వరసలో తువ్వాలు తిప్పుతూ ఎగిరావు కదా. ఆ రోజు ఏ స్పీడులో వాయించామో సెలవిస్తారా, అధ్యక్షా?

మీ అమ్మ పంపిన చెనక్కాయల పొడి అందిందని చెప్పు. కారం బాగానే ఉంది, నీ ఉత్తరమంత లేదు.

నీ కొత్త శత్రువు,
తిప్పన్న


ధర్మవరం,
5 మార్చి 2001.

మామకు నమస్కారం. అమ్మ నీ ఉత్తరం విని, "పెద్దోళ్ళతో ఇట్లనా మాట్లాడేది?" అని నన్ను రెండు పూటలు తిట్టింది. మూడో పూట కొత్త క్యాసెట్టు వినిపించాను. అప్పటి నుంచి తిట్టడం మానింది.

94 సంగతి అడిగావు. ఆ రోజు కూడా పాట సాగదీసినట్టే వచ్చింది మామా. మేం గమనించాం. కానీ అప్పుడు మీ మీద భక్తి ఎక్కువ. జనరేటర్‌లో డీజిల్ అయిపోవచ్చింది, గిటార్లకు కరెంటు చాలడం లేదు అనుకున్నాం. తిరుగు బస్సులో జనరేటర్ వాణ్ణి దారి పొడుగునా తిట్టాం. ఇప్పుడు ఆ పెద్దమనిషికి క్షమాపణ రాయాలి, ఆయన అడ్రసు ఉంటే పంపు.

నీ కాలు పార్సెల్ చేయొద్దు. దానికి తపాలా బిళ్ళలు అంటించడం కూడా నెమ్మదిగానే చేస్తావు.

మా మాట ఉత్త నోటిమాట అనుకుంటున్నావు కాబట్టి సాక్ష్యం చెబుతున్నా. పాత క్యాసెట్టు షెడ్డులో ఉన్న పాత టేపు డబ్బాలో, కొత్తది మేం తెచ్చిన కొత్త మిషన్‌లో పెట్టి, ఒకటి తర్వాత ఒకటి వేసి విన్నాం. రెండింటినీ కలపలేదు. పాత క్యాసెట్టు రిబ్బను అరిగి పల్చబడింది, కొత్త మిషన్ నమిలేస్తుందని భయం. అందుకే అత్తాకోడళ్ళను వేరు కాపురం పెట్టినట్టు పెట్టాం. పాతది వేస్తే కాళ్ళు వాటంతట అవే లేస్తున్నాయి. కొత్తది వేస్తే నిద్ర ముంచుకొస్తోంది. పద్నాలుగు మందిమి చేతులెత్తి తీర్మానం చేశాం: పిడుగులు ముసలివయ్యాయి.

జయరాజన్న బస్సుకు గంటన్నర ముందే పోయాడని రాశావు. నిజం చేదుగా ఉంటుంది. పొగిడితే తొమ్మిదేళ్ళు కూచుని టీ తాగిన మనిషి, ఒక్కసారి తప్పు చూపిస్తే గ్లాసు బోర్లిస్తాడా? ఆయనకు సోమందేపల్లి రోడ్డు మీద పంక్చర్ షాపు ఉంది కదా, గాలి పోయిన ఆ గొంతుకు కూడా అక్కడే ఒక ప్యాచ్ వేసుకోమను.

మే డే స్టేజీ గురించి ఇంకా జవాబు రాలేదు.

తిరుపాల్


హిందూపురం,
13 మార్చి 2001.

తిరుపాలుకు,

ఈసారి ముందుగా నేనొక్కణ్ణే చదువుకున్నాను. పైకి చదవలేదు. వినడానికి జయరాజు రెండు ఆదివారాలుగా రావడం లేదు కూడా. పంక్చర్ షాపు గురించి రాసిన ముక్క చింపి పొయ్యిలో వేశాను.

ఎవరికీ చెప్పొద్దని ఆయన మాట తీసుకున్నాడు. ఇప్పుడు మాట తప్పుతున్నాను. పోయిన జూలైలో జయరాజుకు గొంతులో గడ్డ తీశారు. బెంగళూరులో. పాట మరిచిపో, మాట తగ్గించు అన్నారు. ఆయన మాట తగ్గించాడు. షాపుకు వచ్చే లారీ డ్రైవర్లతో చేతి సైగలతో బేరం చేశాడు. దాచుకున్న గొంతంతా పాటకు పెట్టాడు. ఆరు నెలలు, రోజుకు ఒక్క వరస. లారీ హారన్ మోగినప్పుడే పాడేవాడు, పక్క అంగడివాళ్ళకు వినబడకుండా. అట్లా తయారైంది ఆ క్యాసెట్టు.

నాలుగో పాటలో నువ్వు చెప్పు వెతుక్కోవడం అన్నావే, ఆ ఊపిరి. ఆపరేషన్ అయినాక ఆయన ఊపిరి పొడవు అంతే. 'వాన రాకడ' దగ్గరికి అయిపోతుంది. మళ్ళీ తీసుకుంటే గాని 'చెప్పను' రాదు. స్టూడియోలో దాన్ని అతికించి కలుపుతామన్నారు. వద్దన్నాడు. "ధర్మవరంలో మన పిల్లోళ్ళు ఉండారు. వాళ్ళు పట్టుకుంటారు, దొంగపని వద్దు" అన్నాడు.

మే డేకు రావడం లేదని మీ సంఘానికి ఆయనే కార్డు రాశాడు. గిటారు ఇనాయతుల్లాకు ఇచ్చేస్తానంటున్నాడు. యాభై రెండేళ్ళ మనిషి పద్దెనిమిదేళ్ళ బ్యాండును నీ ఒక్క ఉత్తరంతో మూసేశాడు. ఇంకేం కావాలి నీకు?

నా కాలి మీద కేసు ఒక్కటి మిగిలింది. దాన్ని తేల్చు. మొదటి క్యాసెట్టు అరవై నిమిషాలది. ఒక వైపు ముప్పై నిమిషాలు, చివరి దాకా ఖాళీ లేకుండా నింపాం. మీ షెడ్డులో గోడ గడియారం ఉంటే దాని ఎదురుగా పెట్టి వాయించి చూడు. ఆ తర్వాత రాయి. లేకపోతే రాయొద్దు.

తిప్పన్న


ధర్మవరం,
24 మార్చి 2001.

మామా,

ముందు జయరాజన్న గొంతు సంగతి. నాకు తెలియదు. తెలియకుండా రాశానంటే సరిపోదని తెలుసు. పంక్చర్ ముక్క పొయ్యిలో వేసినందుకు నీకు దండం. రాసిన చేతిని ఏ పొయ్యిలో పెట్టాలో నువ్వే చెప్పు.

ఇప్పుడు గడియారం సంగతి. కూచుని చదువు.

పాత డబ్బాలో పాత క్యాసెట్టు వేసి గోడ గడియారం చూశాం. ఒక వైపు ఇరవై ఆరు నిమిషాలకు అయిపోయింది. 'చూశారా, నింపాం అని మామ అబద్ధం చెప్పాడు' అన్నాను. పక్క మగ్గం అంజనప్ప, "రొండో దాంట్లో గూడా ఏసి సూడు, పోతే రిబ్బనే గదా పోయేది" అన్నాడు. పద్నాలుగు మందిమి ఊపిరి బిగబట్టి కొత్త మిషన్‌లో పాత క్యాసెట్టు పెట్టాం. నమల్లేదు. పాడింది.

ముప్పై నిమిషాలు మామా. సెకను తేడా లేదు.

'గుట్ట దిగి రా' మెల్లగా వచ్చింది, కొత్త పాటల జోరులోనే. గొంతు బావిలోంచి వచ్చింది, కొత్త గొంతులాగే. మేం పదకొండేళ్ళుగా విన్నది ఎవడో కుర్రాడి కీచు గొంతు. ఇది మనిషి గొంతు. తిమ్మక్క, "ఇదెవురబ్బా? జయరాజు వాళ్ళ నాయనా?" అంది.

తర్వాత కొత్త క్యాసెట్టు తీసి పాత డబ్బాలో వేశాం. తోకకు డబ్బా కట్టిన గాడిదలా పరిగెత్తింది. మగ్గాలు చక్కగా ఆడాయి.

పాత డబ్బాను చంకన పెట్టుకుని రేడియోలు బాగుచేసే వెంకటేశ్వర్లు దగ్గరికి పోయాను. ఇది చెడిపోయింది, జోరుగా తిరుగుతోంది అన్నాను. ఆయన మూత కూడా విప్పలేదు. "చెడిపోలేదప్పా. నేనే తిప్పినా" అన్నాడు.

"ఏం తిప్పినావు?"

"మోటారు ఎనకాల చిన్న స్క్రూ ఉంటాది. తొంభైలో మీ సావుకారు కొత్తగా కొని నేరుగా నా కాడికే తెచ్చినాడు. 'పాట రవ్వంత సురుగ్గా పోవల్ల, మగ్గాలు దాని ఎనకాలే పోతాయి' అన్న్యాడు. రవ్వంత తిప్పినా. వారం పొద్దుకు మళ్ళా వచ్చి, ఇంగ రవ్వంత అన్న్యాడు."

"ఇన్నేండ్లు మాకు చెప్పలేదే?"

"మీరు అడగలేదు గదప్పా. బాగా ఎగురుతాండారు, మీకు నచ్చింది అనుకున్యా."

మామా, ఆ డబ్బాకు మేం ప్రతి ఆయుధపూజకూ కుంకుమ పెట్టాం. 'మా సావుకారు మాదిరి ఏ సావుకారూ కూలోళ్ళకు పాటలు పెట్టడు' అని ఊరంతా చెప్పుకున్నాం. బస్టాండు టీ అంగడిలో మీ పాట సాగదీసినట్టు వినబడితే, 'నీ టేపు బాగుచేయించుకో పో' అని అంగడాయనతో కొట్లాటకు దిగాను. ఊరందరి టేపులూ తప్పు, మాదొక్కటే సరి అనుకున్నాం. పొద్దుగూకేసరికి మోకాళ్ళు పట్టేస్తుంటే, పిడుగుల పాటంటే అట్లాగే ఉంటుంది, ఒళ్ళు హూనం కావాల్సిందే అని గొప్పలు పోయాం. ఆఖరుకు మీ పాట కూడా సావుకారు చేతిలో కూలికి కుదిరింది. మీకు తెలియదు, మాకూ తెలియదు.

'వయసు మీద పడినాక పిడుగైనా మెల్లగానే' అని మమ్మల్ని ఓదార్చాడే, అప్పుడు ఆయన మొహంలో నవ్వు కూడా లేదు. అంత పనిమంతుడు.

ఈ ఉత్తరం జయరాజన్నకు చూపించు. ఆయన గొంతు ముసలిదవ్వలేదు. పాట నెమ్మదించలేదు. తప్పు మా డబ్బాది, ఆ డబ్బాను నమ్మి రాసిన నాది. మే డేకు రమ్మను.

సిగ్గుతో,
తిరుపాల్


హిందూపురం,
2 ఏప్రిల్ 2001.

అల్లుడికి ఆశీస్సులు.

నా కాలు నిర్దోషి అని తేలినందుకు దానికి కొబ్బరినూనె రాశాను. మా ఇంటిది, "కాలికి మాత్రం ఎంత మర్యాదో" అని మొహం తిప్పుకుంది.

నిన్న ఆదివారం పెనుకొండలో దిగకుండా సోమందేపల్లి దాకా పోయాను. జయరాజు ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు యాడ వస్తున్నాయో చూస్తున్నాడు. నీ ఉత్తరం ఇచ్చాను. గ్రీజు చేతులతోనే చదివాడు. 'జయరాజు వాళ్ళ నాయనా' దగ్గర నవ్వాడు. ఆపరేషన్ తర్వాత ఆయన నవ్వడం నేను విన్నది అదే. హమ్మయ్య, పని అయిపోయింది అనుకున్నాను.

చదవడం అయినాక మళ్ళీ ట్యూబు ముంచాడు. ఆ నీళ్ళను చూస్తూనే అన్నాడు. "అయితే తిప్పన్నా, పదకొండేండ్లు ఆ పిల్లోళ్ళు ఇష్టపడింది నన్ను కాదు. సావుకారు స్క్రూను. నా గొంతు వాళ్ళకు ఇప్పుడు గదా వినబడింది. వినబడితే, ఇదెవురు అన్న్యారు."

తప్పు ఒప్పుకుంటున్నాడు కదప్పా పిల్లోడు, అన్నాను.

"తప్పు ఒప్పుకున్యాడు. పాట బాగుందని యాడ రాసినాడు? సూపియ్యి."

కాయితం రెండు వైపులా తిప్పి చూశాను. సావుకారును తిట్టావు, నిన్ను తిట్టుకున్నావు, డబ్బాను తిట్టావు. కొత్త క్యాసెట్టు బాగుందని ఒక్క ముక్క లేదు. నేనేం చూపించను?

"మర్యాదకు పిలుస్తాండాడు. మర్యాదకు పాడే గొంతు కాదిది, ఎన్ని పాటలు మిగిలినాయో నాకే తెలీదు" అన్నాడు. గిటారు ఈ నెలాఖరు ఆదివారం, 29న, ఇనాయతుల్లాకు అప్పగిస్తాడంట. ఇనాయతుల్లా, "నాకు నాలుగు తీగల గిటారే సరిగ్గా రాదు, ఆరు తీగలది నేనేం చేసుకోను, కట్టెల మిల్లులో కోసుకోనా?" అని కూచుని ఏడుస్తున్నాడు.

నువ్వు వినకుండా రాశావు, నేను చూడకుండా చదివాను. మనిద్దరం కలిసి ఆయన్ను కూచోబెట్టాం. నాకు ఇంకేమీ తోచడం లేదు. నీకు తోస్తే రాయి.

నీ మామ,
తిప్పన్న


ధర్మవరం,
19 ఏప్రిల్ 2001.

ఈసారి తప్పు జయరాజన్నది. ఎదిగిన మనిషి, అడగాల్సిన మాట మమ్మల్ని అడగకుండా, తొట్టిలో నీళ్ళను అడిగి జవాబు చెప్పుకున్నాడు.

మామా, ఈ ఉత్తరం ముందుగా చూసుకోవద్దు. ఇంతవరకు చదివినా ఆపు, మడిచి జేబులో పెట్టుకో. ఆదివారం సోమందేపల్లికి పోయి, ఇనాయతుల్లా అన్నను కూడా తీసుకుపోయి, పాత ఆనవాయితీ ప్రకారం పైకి చదువు.

జయరాజన్నా, నేను తిరుపాల్‌ను. పాట బాగుందని యాడ రాసినాడు అని అడిగావంట. రాయలేదు. ఎందుకంటే అప్పటికి నాకు తెలియదు. మర్యాదకు రాసే అలవాటు నాకు లేదని నీకు ఫిబ్రవరిలోనే తెలిసి ఉండాలి.

ఉగాది అయిన మరుసటి వారం షెడ్డులో పాత డబ్బా తీసేసి కొత్తది పెట్టాం. మీ రెండు క్యాసెట్లూ మీ స్పీడులోనే వేశాం. మొదటి రెండు రోజులు మాకు కాళ్ళు లేవన్నట్టుగా ఉంది. పదకొండేళ్ళు పరిగెత్తినవాణ్ణి నడవమంటే పడిపోతాడు కదా, అట్లా. మూడో రోజు కుదిరింది. నాడె ఎక్కడా నిలబడలేదు. పోగు తెగడం తగ్గింది. సాయంత్రం అంజనప్ప గుంతలోంచి చేతులు ఆనించకుండా పైకి లేచి, తానే నమ్మలేక మళ్ళీ దిగి మళ్ళీ లేచాడు.

నాలుగు రోజులకు సావుకారు వచ్చాడు. మగ్గాల వంక చూశాడు. "ఏమప్పా, పాటలు వినేదానికి వచ్చినారా, నేసేదానికి వచ్చినారా?" అన్నాడు.

"రొండిటికీ వచ్చినాం సావుకారూ. తొంభైలో ఆ రొండూ ఒకటి చేసింది నువ్వే గదా" అన్నాను. పాత డబ్బా తెచ్చి ఆయన ముందర పెట్టి, రెండింట్లో ఒకే పాట వరసగా వేసి వినిపించాను. ఆయన ఏమాత్రం తొణకలేదు. "మీకు హుషారుగా ఉంటాదని తిప్పించినా. కాళ్ళు మీవి, ఆడించింది మీరు. నేను వచ్చి తొక్కినానా?" అన్నాడు. పోతూ పోతూ కొత్త మిషన్ వైరు పీకి, చుట్ట చుట్టి, మిషన్‌తో సహా తన ఇంటికి పంపించాడు. రేపటి నుంచి షెడ్డులో పాట లేదు అన్నాడు.

మరుసటి రోజు షెడ్డులో పాట లేదు. పద్నాలుగు మగ్గాలు, పద్నాలుగు లయలు, సంత మాదిరి. మధ్యాహ్నం సంగటి తిన్నాక ఒక మూల నుంచి సన్నగా వినబడింది. 'వాన రాకడ...' ఆగి, ఊపిరి తీసుకుని, '...చెప్పను. వస్తే ఆపను.'

తిమ్మక్క, జయరాజన్నా. కండె చుట్టుకుంటూ, తన పాటికి తాను. ఎవరు సచ్చిపోయినారని అడిగిన తిమ్మక్కే. మీ మొదటి క్యాసెట్టు పాట ఒక్కటి కూడా ఆమె నోట నేను ఇంతవరకు వినలేదు. ఎందుకక్కా అంటే, "ఆ కీచుగొంతు ఎనకాల ఎవురు పరిగెత్తుతారబ్బా? ఇది పాడుకునేదానికి వస్తాది" అంది.

నేను అందుకున్నాను. అంజనప్ప అందుకున్నాడు. సాయంత్రానికి పద్నాలుగు మగ్గాలూ అదే పాట. సావుకారు పరిగెత్తుకుని వచ్చాడు. "పాట వద్దంటి గదా!" అన్నాడు. తిమ్మక్క తల కూడా ఎత్తలేదు. "టేపు పీకినావు కదా సావుకారూ. ఇంగ మా గొంతుల ఎనకాల స్క్రూ యాడుండాదో వెతుక్కో పో" అంది.

ఇప్పుడు ఆ ఊపిరి గురించి. నేను వెక్కిరించిన ఊపిరి గురించే. నువ్వు చీరె నేయలేదు కాబట్టి నీకు తెలియదు. మా చీరెలకు అంచు వేరే రంగు. ఒళ్ళు నేసే నాడె ఒకటి, అంచుకు ఇంకొకటి. ఒళ్ళు నాడె అంచు దాకా పోయి, అంచు నాడె ఎదురుగా వచ్చి పోగును అందుకునేదాకా ఒక్క లిప్త ఆగాలి. ఆగకపోతే అంచు ఊడి చేతికి వస్తుంది. పాత డబ్బా జోరులో ఆ ఆగడం మేం దొంగిలించేవాళ్ళం. అందుకే మా చీరెల అంచులు మేమే రెండుసార్లు సరిచేసుకునేవాళ్ళం. నీ నాలుగో పాటలో 'వాన రాకడ'కు నాడె పోతుంది. నీ ఊపిరికి ఆగుతుంది. 'చెప్పను'కు అంచు అందుకుంటుంది. ఎవరైనా మా గుంతలో కూచుని కట్టారా ఈ పాట అనిపించింది. నీకు ఊపిరి చాలక ఆగావని మామ రాశాడు. చాలకపోవడమే ఇంత సరిగ్గా సరిపోతుందని నాకు మాత్రం ఎట్లా తెలుస్తుంది?

పాట బాగుంది. ఇదిగో రాశాను. ఇంకోసారి కావాలంటే చూపించడానికి మామ దగ్గర కాయితం ఉంటుంది.

అయితే ఒక తగాదా వచ్చింది. రెండో చరణంలో కూడా ఒక ఊపిరి ఉంది. 'మబ్బు' ముందా, 'మబ్బు' తర్వాతా? తిమ్మక్క ముందు అంటుంది, అంజనప్ప తర్వాత అంటాడు. షెడ్డు రెండు జట్లుగా చీలింది. క్యాసెట్టు వేసి తేల్చుకుందామంటే మిషన్ సావుకారు ఇంట్లో ఉంది. పాత డబ్బాలో వేస్తే ఆ ఊపిరే వినబడదు, సావుకారు దాన్ని మింగేశాడు. దీన్ని తేల్చగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన నీళ్ళ తొట్టిలో బుడగలు లెక్కపెట్టుకుంటున్నాడు.

కాబట్టి మా డిమాండు. మే 1న మంగళవారం ధర్మవరం స్టేజీ మీద నువ్వు పాడాలి. కొత్త పాటలే పాడాలి. అన్నీ వద్దు, నీ ఊపిరి ఎంతవరకు వస్తే అంతవరకు. వరస మధ్యలో ఆగితే ఆగు, మిగతాది అందుకోవడానికి ముందు వరసలో పద్నాలుగు గొంతులు ఉంటాయి. 29న గిటారు ఎవరికీ అప్పగించేది లేదు, ఇనాయతుల్లా అన్న కోసేస్తాడు.

వచ్చే గురువారం, 26వ తేదీ సాయంత్రం టపాలో నీ చేతిరాతతో ఒక కార్డు రావాలి. 'వస్తాండా' అని ఒక్క మాట చాలు. మామ రాత చెల్లదు.

రాకపోతే శుక్రవారం పొద్దున మొదటి బస్సుకు పాత డబ్బా చంకన పెట్టుకుని సోమందేపల్లిలో దిగుతాను. నీ షాపు ముందర స్టూలు వేసి, నీ కొత్త క్యాసెట్టునే, నాలుగో పాటనే, సావుకారు స్పీడులో పెడతాను. లారీలవాళ్ళందరూ వింటారు. నీ ఊపిరి లేకుండా నీ పాట ఎట్లా ఉంటుందో నువ్వే విను. లేచి వచ్చి దాన్ని ఆపి, అది కాదు ఇట్లా అని నువ్వు పాడి చూపించేదాకా వాయిస్తూనే ఉంటాను. బ్యాటరీలు కొత్తవి వేశాను.

గురువారం దాకానే.

తిరుపాల్